పాలికీటాలో ఉన్నది మన ‘కీటం’ కాదా?

గుంటూరు, బ్రాడీపేట: ‘వృశ్చికః శూకకీటః స్యాత్...’ చిన్నప్పుడు తాతగారు వల్లె వేయించిన అమరం, అదే సంస్కృత పద్య నిఘంటువు అమరకోశం. తరవాతి ముక్క రెండు రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. సముద్రపు అడుగున బతికే పాలికీటా పురుగుల మీద పిల్లలకు వ్యాసం రాస్తూ అందులోని శూకం (వాడి ముల్లు) తీసుకుని ‘బహుశూకకీటాలు’ అని పెట్టాను. ‘కీటా’ ఎలాగూ పేరులోనే ఉంది కదా, సరిపోతుందాండీ?

విజయవాడ, గవర్నరుపేట: ‘దలిద్రుణౌ తు వృశ్చికే’. మొదటి వృశ్చికం గొంగళిపురుగు, రెండోది తేలు. ఇక ‘కీటా’ దగ్గర పొరబడ్డారు. అది గ్రీకు ‘ఖైటే’, అంటే జూలు, పొడవాటి జుట్టు. ఇంగ్లీషు నోట పడి ‘కీటా’ అయింది. మన కీటంతో దానికి చుట్టరికమే లేదు. పేరుకు అర్థం ‘చాలా వెంట్రుకలు కలది’ అనే. ‘బహురోమి’ అనండి.

తెనాలి: రోమం ఒప్పుకోను. అమరమే శూకాన్ని ‘శ్లక్ష్ణతీక్ష్ణాగ్రే’ అంది, నున్నగా ఉండి మొన వాడిగా ఉండేది. ఈ పురుగుకు ఖండం ఖండానికీ రెండు పక్కలా పార్శ్వపాదాలు, వాటికి పై తమ్మె, కింది తమ్మె, ఒక్కో తమ్మెలో కైటిన్‌తో గట్టిపడ్డ ముళ్ల కుచ్చు. ఇది జుట్టా? వడ్లగింజ కొసన ముల్లు లాంటిది. దూలగొండికి సంస్కృతంలో ‘శూకశింబి’ అని పేరు ఊరికే రాలేదు.

బాపట్ల: హేచరీల్లో తల్లి రొయ్యలకు వేసే మేత ఇదే. అందరం ‘పాలికీట్స్’ అనే అంటాం.

నరసరావుపేట: తేలు మాట వచ్చింది కాబట్టి, శ్రీనాథుడిదని చెప్పుకునే మా పలనాటి చాటువు తలచుకోకుండా ఉండలేను. ‘సజ్జ జొన్న కూళ్లు సర్పాలు తేళ్లు’.

విజయవాడ, గవర్నరుపేట: ‘సర్పంబులును తేళ్లు’ మాస్టారూ. ఆటవెలది మూడో పాదం. నాలుగో గణం ‘సర్పంబు’, అయిదోది ‘లునుతేళ్లు’. ఆ ‘ను’ తీస్తే చివర ఇంద్రగణం నిలవదు.

నరసరావుపేట: నిజమే, గణం తప్పింది. మా ఇంట్లో అలాగే చదివేవాళ్లు. అయినా ‘నాగులేటి నీళ్లు నాపరాళ్లు’ అన్న పాదం ముందు ఏ పాదమైనా తక్కువే.

గుంటూరు, బ్రాడీపేట: పద్యం బాగుంది, నా చిక్కు అలాగే ఉంది. 1977లో గాలపాగస్ దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున, వేడినీటి బుగ్గల పక్కన రిఫ్టియా అనే గొట్టపు పురుగు దొరికింది. రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. పెద్దదయ్యాక నోరూ పేగూ ఉండవు, లోపలి బాక్టీరియాయే పోషిస్తుంది. పార్శ్వపాదాలూ లేవు. దీన్ని బహుశూకం అనడం ఎలా?

తెనాలి: తోక చూడండి! దాని బంధువుల్ని ‘పోగనోఫొరా’, అంటే గడ్డం మోసేవి అని వేరే వర్గంగా పెట్టారు. తొలి నమూనాల్లో తోక కొస తెగిపోయింది. 1964లో పూర్తి తోక దొరికితే అందులో ఖండాలున్నాయి, శూకాలున్నాయి! తరవాత డీఎన్‌ఏ కూడా అటే మొగ్గింది. ఇప్పుడవి సిబోగ్లినిడే కుటుంబంగా వానపాముల వర్గం అనెలిడాలోనే ఉన్నాయి. ఇంటికి తెచ్చింది శూకమే.

విజయవాడ, గవర్నరుపేట: గడ్డమంటే మళ్లీ రోమమేగా. నా మాట అదే.

గుంటూరు, బ్రాడీపేట: వ్యాసం రేపు ఇవ్వాలి. ప్రస్తుతానికి ‘పాలికీటా’ అనే ఉంచి, తెగిన తోక సంగతి ముందు పెడతాను. ‘లునుతేళ్లు’ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.