బ్లాండీ సినిమాలు 28 ఉన్నాయంట, ఎక్కడ మొదలెట్టాలి? ఆ హీరోయిన్ సంగతేంటి?

పాతరీలుపిచ్చోడు:
హాలీవుడ్ నటి రీటా హేవర్త్ పాత సినిమాలు వెతుకుతుంటే 1940లో వచ్చిన "బ్లాండీ ఆన్ ఎ బడ్జెట్" తగిలింది. రీటా కోసం కూర్చున్నా గానీ పది నిమిషాలయ్యాక రీటాని వదిలేసి ఆ బ్లాండీ వేసినావిడనే చూస్తూ ఉండిపోయా, పేరు పెన్నీ సింగిల్టన్ అంట. మొగుడికేమో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళ క్లబ్బులో చేరాలని, ఈవిడకేమో ఫర్ కోటు కావాలని, ఇంట్లో డబ్బు చూస్తే అంతంతమాత్రం, మధ్యలో మొగుడి పాత గర్ల్‌ఫ్రెండ్‌గా రీటా దిగుతుంది, ఇంకేముంది. చిన్నప్పుడు మా నాన్న తెచ్చే ఇంగ్లీష్ పేపర్లో ఈ కార్టూన్ వచ్చేది, బ్లాండీ మొగుడు డాగ్‌వుడ్ చేసుకునే ఇంతెత్తు శాండ్‌విచ్ చూసి నోరూరేది, కానీ దీన్ని సినిమాలుగా తీశారని ఇన్నాళ్ళూ తెలీదు. మొత్తం 28 అంట! వరసగా చూడాలా, ఏదైనా పర్లేదా? ఈవిడ తర్వాత ఏమైపోయింది, వేరే సినిమాల్లో ఎక్కడా కనిపించట్లేదేంటి?

కాకినాడకాజా:
1938లో వచ్చిన మొదటిది, పేరు ఉత్త "బ్లాండీ", దాంతోనే మొదలెట్టు బ్రో. పెళ్ళిరోజు ముందు డాగ్‌వుడ్‌కి ఉద్యోగం ఊడుతుంది, ఆ సంగతి పెళ్ళానికి చెప్పలేక నానా తంటాలు పడుతుంటే ఈవిడేమో వీడికి ఇంకెవరితోనో ఏదో ఉందని ఫిక్స్ అయిపోతుంది. అన్నీ కొలంబియా స్టూడియో వాళ్ళవే, ఒక్కోటి గంటా పది నిమిషాలు అటూ ఇటూ, అంటే మనవాళ్ళ సినిమాలో ఇంటర్వెల్ పడే టైముకి ఇది అయిపోయి శుభం కార్డు కూడా పడిపోతుంది. 1943 నాటికి 14 తీసి ఇక చాలని ఆపేశారు, జనం ఊరుకోలేదు, మళ్ళీ 1945లో మొదలెట్టి 1950 దాకా లాగారు. నన్నడిగితే ఆపకముందువే బెస్ట్, చివర్లో వచ్చినవి వాడేసిన గోరింటాకునే మళ్ళీ పెట్టినట్టు రంగు పట్టవు. ముఖ్యంగా డాగ్‌వుడ్ బాస్ మిస్టర్ డిథర్స్‌గా వేసిన జొనాథన్ హేల్ వెళ్ళిపోయి కొత్త బాస్ వచ్చాక నాకు ఎక్కలేదు.

ఒక్క సంగతి మాత్రం చివరిదాకా బోరు కొట్టలేదు. కొడుకు బేబీ డంప్లింగ్‌గా వేసిన లారీ సిమ్స్ మొత్తం 28 సినిమాల్లోనూ ఉన్నాడు, నాలుగేళ్ళ బుడ్డోడు మన కళ్ళముందే మీసాలొచ్చే వయసుకి వచ్చేస్తాడు.

వరంగల్‌వాలా:
అన్నా నాకైతే పోస్ట్‌మ్యాన్ ఒక్కడు చాలు. డాగ్‌వుడ్ ఆఫీసుకు లేటైందని తలుపు తీసుకొని ఉరుకుడు, ఎదురుంగ వచ్చే పోస్ట్‌మ్యాన్‌కు గుద్దుడు, ఉత్తరాలన్నీ గాలిల లేసుడు, అందరికీ ఎరుకే ఇట్లనే అయితదని, అయినా నవ్వొస్తది. గని ఒక మాట చెప్పాలె, పేరేమో బ్లాండీ, నవ్వించేదంతా డాగ్‌వుడ్ వేసిన ఆర్థర్ లేక్ కదా, ఆమె పక్కకు నిలబడి మొగుణ్ణి చూస్కుంట ఉంటది అంతే. ఆమెల ఏం గొప్ప కనవడ్డదో నాకైతే సమజ్ కాలే.

డల్లాస్‌పిన్ని:
వరంగల్‌వాలా తమ్ముడూ, అక్కడే నువ్వు పప్పులో కాలేశావ్. ఆర్థర్ లేక్ కింద పడితే నవ్వొస్తుంది నిజమే, కానీ పడ్డాక కెమెరా ఎవరి మొహం మీదకి వెళ్తుందో ఈసారి చూడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేయదు, అరవదు, గరిటె చేతిలో అలాగే పట్టుకుని ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడంలోనే ఉంది అసలు కామెడీ అంతా. "బ్లాండీ మీట్స్ ద బాస్"లో మొగుడు ఉద్యోగానికి రాజీనామా ఇస్తే నచ్చచెప్పడానికి ఆఫీసుకి వెళ్ళి ఆ ఉద్యోగంలో తనే కూర్చుంటుంది, అది చూసొచ్చి అప్పుడు మాట్లాడు.

ఇంక ఆవిడ సంగతి. ఫిలడెల్ఫియాలో 1908లో పుట్టింది, అసలు పేరు డొరొతీ మెక్‌నల్టీ, "ఆఫ్టర్ ద థిన్ మ్యాన్"లో క్లబ్బులో పాటలు పాడే అమ్మాయిగా ఆ పేరుతోనే కనిపిస్తుంది, జుట్టు నల్లగా! సింగిల్టన్ అనేది మొదటి మొగుడి ఇంటిపేరు, ఆయన పళ్ళ డాక్టరు. బ్లాండీకి ముందు వేరే అమ్మాయిని అనుకున్నారు, అది కుదరక ఈవిడ జుట్టుకి రంగేసుకుని వచ్చింది. రేడియోలో కూడా ఏళ్ళ తరబడి ఆవిడే బ్లాండీ. అంతగా ఆ పేరు అతుక్కుపోయాక ఇంకో వేషం ఎవరిస్తారు చెప్పండి. కానీ ఇంట్లో కూర్చోలేదు, స్టేజీ ఆర్టిస్టుల యూనియన్‌లో దిగి సొంత యూనియన్ పెద్దలతోనే గొడవ పెట్టుకుంది, 1962లో అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, న్యూయార్క్ రేడియో సిటీ థియేటర్ డాన్సర్లు 60ల్లో స్ట్రైక్ చేసినప్పుడు వాళ్ళ తరఫున నిలబడింది, తర్వాత ఆ యూనియన్‌కే ప్రెసిడెంట్ అయింది. సినిమాలో మొగుడి జీతం పెంచమని బాస్‌తో పోట్లాడే ఆవిడ బయట నిజంగానే పోట్లాడిందన్నమాట. 2003లో పోయింది, 95 ఏళ్ళు.

ఇంకోటి, మీరందరూ ఆవిడ గొంతు ఎప్పుడో వినేసే ఉంటారు. కార్టూన్ నెట్‌వర్క్‌లో "ద జెట్సన్స్" ఇంగ్లీషులో చూశారా? అందులో అమ్మ జేన్ జెట్సన్ గొంతు ఈవిడదే.

వరంగల్‌వాలా:
ఏంది జేన్ జెట్సన్ ఆమెనా!! పిన్ని దెబ్బకు నోరు మూస్కున్న. ఇయ్యాలనే బాస్ సినిమ వెడ్త.

నిద్రరానిరాత్రి:
శాండ్‌విచ్ మాట ఎవరో ఎత్తారు కాబట్టి చెప్తున్నా, అమెరికా డిక్షనరీల్లోకి కూడా డాగ్‌వుడ్ శాండ్‌విచ్ ఎక్కేసింది. మొన్న రాత్రి ఒంటిగంటకి నేనూ ట్రై చేశా, బ్రెడ్డు, ఆమ్లెట్, మిగిలిన వంకాయ కూర, పైన ఆవకాయ, నోట్లో పట్టలేదు గానీ పరుపు మీద మాత్రం బాగా పట్టింది. ఇంకో ముక్క, పేపర్ కార్టూన్లో డాగ్‌వుడ్ కోటీశ్వరుడి కొడుకు తెలుసా, బ్లాండీని చేసుకుంటానని 28 రోజులు అన్నం మానేశాడు, 1933లో పెళ్ళయితే అయింది గానీ ఇంట్లోవాళ్ళు ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వలేదు. 28 రోజుల పస్తు, 28 సినిమాలు, లెక్క భలే కుదిరింది.

పాతరీలుపిచ్చోడు:
అందరికీ థాంక్స్, పిన్నిగారికి డబుల్ థాంక్స్. ఇప్పుడే మొదటిది పెట్టా, మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది, ఇంగ్లీష్ అంతంతమాత్రమే గానీ పోస్ట్‌మ్యాన్ పడగానే పగలబడి నవ్వింది. ఆ తర్వాత బ్లాండీ మొహం చూసి "పాపం ఈ పిల్ల ఎలా వేగుతోందో వీడితో" అంది. ఉంటా, పాజ్ చేశానని తిడుతోంది.