నాగలింగం చెట్టు విరగబూస్తోంది, కాయ మాత్రం పడటం లేదు

ప్రశ్న:
శివాలయం ఆవరణలో బాగా ఎదిగిన నాగలింగం చెట్టు ఉంది. మూడేళ్లుగా మాను నిండా పూత. కాయ ఒక్కటీ లేదు. పూలన్నీ తెల్లవారగానే పూజకు కోస్తారు. ఎరువు చాలకనా? ఏడాదిలో రెండు మూడుసార్లు ఆకంతా రాల్చేస్తోంది, తెగులేమో అని మందు కొట్టిద్దామంటున్నారు. మన అడవి చెట్టే కదా, ఇంత సుకుమారమా?

జవాబు 1:
ఎరువు సంగతి కాదండి. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని చూడండి. ఆరు రేకులు, నడుమ లింగంలా అండాశయం (కాయగా మారేది ఇదే), దాని నెత్తిన పుప్పొడి అందుకునే కీలాగ్రం. చుట్టూ పొట్టి కేసరాలు వలయంగా ఉంటాయి. ఆ వలయం ఒక పక్కనుంచి సాగి పడగలా పైకి వంగుతుంది. పడగ కిందా కేసరాలే, కానీ వాటి పుప్పొడి తుమ్మెదలకు మేత. గింజ కట్టించేది వలయంలోని పుప్పొడి. ఈ పువ్వులో తేనె ఉండదు. నల్ల తుమ్మెద మేత కోసం పడగ కిందికి దూరినప్పుడు వలయం పుప్పొడి దాని ఒంటికి అంటి, ఇంకో పువ్వు కీలాగ్రానికి చేరుతుంది.

పువ్వు బతుకు ఒక్క రోజు. తెల్లవారగానే కోసేస్తే తుమ్మెద వచ్చేదెప్పుడు? నాలుగైదు గెలలు ముట్టుకోకుండా వదలండి. ఆకు రాల్చడం దీని స్వభావం, వారం పది రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. దయచేసి మందు కొట్టించకండి, ఉన్న తుమ్మెదలూ పోతాయి. అవి ఎండు వెదురులో, ఎండు కర్రలో తొలుచుకుని గూడు పెడతాయి. ప్రహరీ పక్కన రెండు మూడు ఎండు బొంగులు ఉండనివ్వండి.

జవాబు 2:
తుమ్మెదలు కనబడకపోతే చేత్తో చేయొచ్చు. ఉదయం ఎనిమిదిలోపు, వీలైతే వేరే చెట్టు పువ్వు తెచ్చి, మెత్తటి కుంచెతో వలయం పుప్పొడి తీసి కీలాగ్రానికి రాసి, గుర్తుగా కాడకు దారం కట్టండి. చాలామంది చేసే తప్పు, అందంగా కనబడుతుంది కదా అని పడగ పుప్పొడి రాయడం. అది పనికిరాదు. సరిగ్గా చేసినా ఎక్కువ పూలు రాలిపోతాయి, కాబట్టి పదీ ఇరవై పూలకు చేయండి. కాయ పండటానికి ఏడాది దాకా పడుతుంది.

జవాబు 3:
మన అడవి చెట్టు కాదండి. దక్షిణ అమెరికా వర్షారణ్యాలది. 1775లో ఆబ్లె అనే ఫ్రెంచివాడు ఫ్రెంచ్ గయానా మొక్కల మీద రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. బ్రెజిల్ నట్‌ది ఇదే కుటుంబం. నాగకేసరంతో పొరబడుతుంటారు. అదీ తడి అడవుల చెట్టే, మనదే, కానీ పువ్వుకు నాలుగు తెల్ల రేకులు, మధ్య పసుపు కేసరాల కుచ్చు, పడగ ఉండదు.

కాయ నిలిస్తే జాగ్రత్త. ఫిరంగి గుండంత ఉంటుంది, కింద పడి పగులుతుంది. చెట్టు కింద బల్లలు, చెప్పుల స్టాండు ఉంటే ముందే తీయించండి. పగిలిన గుజ్జు గాలి తగిలి నీలిరంగు తిరుగుతుంది, ఘోరమైన కంపు. అక్కడి అడవుల్లో అడవిపందుల్లాంటి జంతువులు ఆ గుజ్జు తిని గింజలు వెదజల్లుతాయి. గింజ మీది నూగు వాటి కడుపులో దాన్ని కాపాడుతుంది. ఇక్కడ ఆ పని మీరే చేయాలి: గుజ్జు కడిగేసి, గింజ ఆరిపోకముందే ఇసుక కలిపిన మట్టిలో నాటండి.

ప్రశ్న అడిగినవారు:
పూలు వదిలేయడానికి పూజారి గారు ఒప్పుకోవడం కష్టం.

జవాబు 1:
సాయంత్రానికో మర్నాటికో రేకులూ కేసరాలూ రాలిపోతాయి, అండాశయం మాత్రం కాడకే ఉంటుంది. చెట్టు కింద శుభ్రమైన గుడ్డ పరిచి ఉంచండి. పారిజాతాలు రాలినవే ఏరి పూజ చేస్తాం కదా, ఆ మాట చెప్పి చూడండి.