బెండ, దోస తెగుళ్లకు కషాయాలు చాలునా?

ఆనందపురం రైతు:
బెండ ఆకు మీద బూడిద తెగులు కనిపిస్తే చాలు, వేప కషాయం కొట్టమని ఊరంతా సలహాలు. నేను నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొడతాను. ఆకుల రసంతో తెగులు ఆగిన చేను ఎవరైనా చూశారా?

మేడతోట, ఎంవీపీ కాలనీ:
చేను కాదుగానీ నా దోసపాదు ఉందండి. వేపనూనెలో కుంకుడు రసం కలిపి కొట్టాను, బూడిద ముదరలేదు. వెల్లుల్లి నలిపితే పుట్టే అల్లిసిన్ శిలీంధ్రాలను అణచివేస్తుందని ప్రయోగశాలల్లో తేలిన విషయమే.

వ్యవసాయ విద్యార్థి:
ప్రయోగశాలలో తేలినదంతా పొలంలో నిలవదు మేడమ్. అల్లిసిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. వేపలోని అజాడిరక్టిన్ ఎండకు చెడిపోతుంది, పైగా దాని ప్రతాపం ప్రధానంగా పురుగుల మీదే. బూడిద తెగులు ఆకు పైపొర మీద పాకుతుంది కాబట్టి నూనె పూత దాన్ని తాకుతుంది, తొలి మచ్చ దగ్గరే కొడితే కొంత అదుపు చేస్తుంది. దోసకు వచ్చే బూజు తెగులు ఆకు లోపల పెరుగుతుంది. అక్కడ కషాయం మీద ఆశ పెట్టుకోలేం. రైతుగారూ, మీ గంధకం కూడా దానికి పనిచేయదు. పైగా మండుటెండలో గంధకం కొట్టినా, వేపనూనె కొట్టిన రోజుల్లోనే కొట్టినా ఆకు మాడుతుంది.

పద్మనాభం, ప్రకృతి సేద్యం:
అసలు మాట ఎవరూ ఎత్తడం లేదు. బెండ రోజు విడిచి రోజు కోయాలి, లేకపోతే ముదిరిపోతుంది. మాంకోజెబ్ లాంటి రసాయన తెగులు మందు కొట్టినవారు, కోతకు ముందు ఆగాల్సిన గడువు ముగిసేదాకా కోయకుండా ఆగుతున్నారా? కాయ మర్నాడే రైతుబజారుకు వెళుతుంది. కోతలు మొదలయ్యాక కషాయమో పుల్లమజ్జిగో కాక నాకు వేరే దారి కనిపించదు. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ కొట్టాలి. ఆ కూలి గిట్టుతుందా అని అడగండి, అది న్యాయమైన ప్రశ్న.

వ్యవసాయ విద్యార్థి:
కోతల మాట ఒప్పుకుంటాను. కానీ మేడమ్, పాదులో సగానికి ఏమీ కొట్టకుండా వదిలారా? వాతావరణం మారి తెగులు తగ్గిందో, నూనె వల్ల తగ్గిందో అలా వదలకపోతే ఎలా తెలుస్తుంది? రైతుగారు రెండు సాళ్లు వదిలి చూస్తే తేలిపోతుంది.

ఆనందపురం రైతు:
ఆ రెండు సాళ్ల బూడిద గాలికి చేనంతా పాకితే నష్టం ఎవరు కడతారు బాబూ? ముందు మేడమ్ కుండీల్లో చేయించండి.