సంరక్షణ, పరిరక్షణ: తేడా ఉందా?

ప్రశ్న: మాస్టారూ, వన్యప్రాణుల మీద ఒక వ్యాసం అనువదిస్తూ చిక్కుకున్నాను. కన్సర్వేషన్ వేరు, ప్రిజర్వేషన్ వేరు అని అందులో పేజీ పొడవునా చర్చ ఉంది. మొదటిదానికి సంరక్షణ, రెండోదానికి పరిరక్షణ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. సం అంటే చక్కగా, పరి అంటే నలువైపులా. చక్కగా కాపాడటానికీ నలువైపులా కాపాడటానికీ తగవేముంది? పిల్లలకు సంరక్షణ, పర్యావరణానికి పరిరక్షణ అనడం అలవాటుగా వచ్చింది, అంతే. 1972 నాటి వన్యప్రాణి చట్టం పేరులో ఉన్నది ప్రొటెక్షన్. పత్రికలు దాన్నీ సంరక్షణే అంటాయి. మూడో మాటా ఆ గంపలోనే పడింది!

మాట సంగతి తరవాత, ముందు విషయం చూడండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల నెలవు, రాజులు వేట కోసం కట్టలు పోసి నీళ్లు నిలిపిన చిత్తడి నేల. 1982లో అందులో గేదెలను మేపకూడదన్నారు. పల్లెవాళ్లు ఎదురుతిరిగారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. గేదెలు రాకపోతే పక్షులకు మేలని లెక్క వేశారు. తీరా అవి రావడం మానేశాక నీళ్లలో గడ్డి దట్టంగా అల్లుకుపోయి, నీటిపక్షులకు ఈదే చోటే కరవైంది. ఎవరూ ముట్టకుండా ఉంచాలనుకోవడం ప్రిజర్వేషన్. ఎన్ని గేదెలు, ఏ నెలల్లో, ఎంతమేర అని చూసుకుంటూ మేపనిస్తే అది కన్సర్వేషన్ అయ్యేది.

అందుకని కన్సర్వేషన్‌ను నేను "కాపుదల" అంటాను. చేను కాస్తాం, గేదెలను కాస్తాం, వాడుకుంటూనే కాస్తాం. రెండోది "పదిలపరచడం".

ప్రశ్న: పదిలపరచడం అంటే బీరువాలో నగలు దాచినట్టు లేదా?

జవాబు: ఉంది, అందుకే ఆ మాట నచ్చింది. బీరువాలో నగ పెరగదు, చెరువులో గడ్డి పెరుగుతుంది. అయితే నా మాటలూ ఒకచోట తడబడతాయి. నల్లమల పులుల అభయారణ్యంలో కోర్ ప్రాంతమంటే, అంటే నడిమి అడవి, పదిలపరిచిన చోటే కదా. ఆ కోర్‌లోనే చెంచు పెంటలున్నాయి (పెంట అంటే అక్కడ ఊరు, చెత్తకుప్ప కాదు). అడవికి కాపలా తిరిగేవాళ్లలోనూ చెంచులున్నారు. మీ వ్యాసంలో అలాంటి వాక్యం తగిలితే ఏ మాట వేశారో నాకూ చెప్పండి.