గమకాల కోసం గిటార్ ఫ్రెట్‌బోర్డు తొలిపించాలా, వద్దా?

భీమవరం స్ట్రాట్:
అందరికీ నమస్కారం. నాకున్నది ఒకే ఒక్క ఎలక్ట్రిక్ గిటార్. స్ట్రాట్ మోడల్, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు (వేళ్ళతో తీగలు నొక్కే చెక్క, దాని మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు), సన్నటి 9 గేజ్ తీగలు. ఈ మధ్య గాత్రం కూడా నేర్చుకుంటున్నాను. పాఠంలో పాడింది ఇంటికొచ్చి గిటార్ మీద వాయిద్దామంటే తోడి రాగంలో గాంధారం దగ్గరే, దాని గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) రాక ఆగిపోతున్నాను. తీగ లాగితే వేలు చెక్కకి రాసుకుంటోంది. పై ఫ్రెట్లలో అయితే మొదటి తీగ కాస్త ఎక్కువ లాగగానే స్వరం టక్కున చచ్చిపోతోంది. ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ మధ్య చెక్కని గుంటగా తొలిపించేస్తే, అదే స్కాలప్ చేయిస్తే, ఈ బాధ పోతుందని విన్నాను. నూజివీడులో వీణలు చేసే మేస్త్రి ఒకాయన చేసిస్తానన్నారు. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది చేయించెయ్ అంటున్నారు, మిగతా సగం నీకేమైనా పిచ్చా అంటున్నారు. మీరేమంటారు?

తీగలాట (రాజమండ్రి):
నిక్షేపంలా చేయించండి. వీణ ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? 24 మెట్లు మైనంలో ఎత్తుగా కూర్చుంటాయి. తీగ నొక్కితే వేలికి తగిలేది తీగా, మెట్టూ, అంతే. కింద చెక్క తగలదు. అందుకే వైణికులు ఒకే మెట్టు మీద తీగని పక్కకి లాగి మూడు నాలుగు స్వరస్థానాలు పలికిస్తారు. మన గమకాలకి చేసుకున్న వాయిద్యం అలా ఉంటే, వెస్ట్రన్ వాళ్ళు కార్డుల కోసం, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం కోసం, చేసుకున్న గిటార్ ఇంకోలా ఉంది. దాన్ని మనకి కావలసినట్టు మార్చుకోవడంలో తప్పేముంది? గిటారిస్టు జాన్ మెక్లాగ్లిన్ 1970ల్లో మనవాళ్ళతో కలిసి వాయించిన శక్తి బృందం కోసం చేయించుకున్న గిటార్ తొలిచిన ఫ్రెట్‌బోర్డుదే, పైగా అడ్డంగా ఏడు శ్రుతి తీగలు. ఇంగ్లండు వాడే చేయించుకున్నాడు, మనకేం మొహమాటం?

చర్చి లీడ్ (నరసాపురం):
అన్నా, గమకాలు ఒక్కటే వాయిస్తానంటే సరే. కానీ గిటార్ ఒక్కటే ఉందన్నావు. మాకు ఆదివారం ఆరాధనలో ముప్పాతిక వంతు కార్డులే. తొలిచిన నెక్ (గిటార్ మెడ) మీద కార్డు పట్టుకుంటే ఏమవుతుందో తెలుసా? వేలి కింద చెక్క అడ్డం ఉండదు కాబట్టి ఏ వేలు కొంచెం గట్టిగా నొక్కినా ఆ తీగ శ్రుతి పైకి లేస్తుంది. ఆరు తీగల్లో మూడు మూడు రకాలుగా లేస్తాయి. ట్యూనర్‌లో పచ్చ లైటు, చెవిలో అపశ్రుతి. పక్కన కీబోర్డు నిలకడగా ఒకే శ్రుతిలో ఉంటుంది, దాంతో ఇంకా బయటపడిపోతుంది. వేళ్ళు తేలిగ్గా పెట్టడం నేర్చుకోవచ్చు అంటారు. నేర్చుకోవచ్చు. డ్రమ్స్ మోగుతుంటే, జనం చప్పట్లు కొడుతుంటే ఎవడి చెయ్యి తేలిగ్గా ఉంటుంది?

కాకినాడ ఆర్కెస్ట్రా:
మా బంధువుల కుర్రాడొకడు మేపుల్ నెక్ తొలిపించాడు. మేపుల్ మీద పైన లక్క పూత ఉంటుంది. తొలిచాక మళ్ళీ పూత వేయాలన్న సంగతి ఆ చేసినవాడికి తెలీదు, ఈ కుర్రాడికీ తెలీదు. ఉప్పాడ గాలికి, వానాకాలం చెమ్మకి చెక్క నల్లబడి ఉబ్బింది. మీది రోజ్‌వుడ్ కాబట్టి ఆ గొడవ తక్కువే. అయినా చెక్క తీసేస్తే నెక్ బలం తగ్గుతుంది, నెక్ లోపల ఉండే కడ్డీ, ట్రస్ రాడ్, మళ్ళీ సరిచెయ్యాలి. లోతుగా పోతే ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలు కూడా ఊడొస్తాయి, అవి పైపైన అతికించినవే.

పాలకొల్లు వాణ్ణి:
మెక్లాగ్లిన్ దాకా ఎందుకండీ, మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గార్ని మర్చిపోతే ఎలా? 1969లో పుట్టారు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, చిన్న పిల్లాడప్పుడే. తర్వాత ఆయనే మెక్లాగ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తిలో వాయించారు. మాండొలిన్ అంటే చిన్న నెక్, దానికి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జత తీగలు రెండింటినీ ఒకే శ్రుతిలో కలిపి లాగడం నరకం. ఆయన ఆ జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, నాదం నిలబడ్డానికి ఎలక్ట్రిక్ చేసుకున్నారు. అంటే వాయిద్యాన్ని మార్చుకున్నారు, నిజమే. అయితే ఎక్కడ అడ్డం వస్తోందో అక్కడే మార్చారు. ఇంకో సంగతి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. మీరు గాత్రం నేర్చుకుంటున్నారు కదా, సగం పని అక్కడే అవుతోంది.

తోడి గాంధారం గురించి: అది రిషభం వైపు నుంచి మధ్యమం వైపుకి ఊగాలి. శుద్ధ రిషభం నుంచి మధ్యమం అంటే గిటార్ మీద నాలుగు ఫ్రెట్ల దూరం. వీణ మీద అంత లాగొచ్చు. గిటార్ మీద ఒక్క లాగుడుతో అంత తీసుకురావాలంటే వేళ్ళు తెగుతాయి. ఒకే తీగ మీద ఎక్కుజారు, దిగుజారు కలిపి వాయించండి. తొలిచిన బోర్డు మీద గట్టిగా నొక్కి జారితే ఫ్రెట్ ఫ్రెట్‌కీ స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టుంటుంది.

తీగలాట (రాజమండ్రి):
వీణ మీద కూడా జారతారు మహాశయా, అక్కడ స్పీడ్ బ్రేకర్లు లేవా? తేలిగ్గా నొక్కడం వస్తే అంతా వస్తుంది. చర్చి లీడ్ గారు చెప్పిన కార్డుల మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను.

గాజు గొట్టం:
ఫ్రెట్లే వద్దు. మెట్లు లేని వీణలాంటి గోటువాద్యం మీద దిమ్మె జరిపినట్టు, వేలికి గాజు స్లైడ్ తొడుక్కుని వాయించండి. ఏ గోలా లేదు.

విజయవాడ సెటప్:
అసలు ఎవరూ జబ్బేంటో చూడకుండా ఆపరేషన్ గురించి కొట్టుకుంటున్నారు. భీమవరం తమ్ముడు చెప్పిన బాధలు రెండు, అవి వేర్వేరు.

పై ఫ్రెట్లలో స్వరం చచ్చిపోవడానికి చెక్కతో సంబంధం లేదు. ఫ్రెట్‌బోర్డు బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. స్ట్రాట్ చేసే ఫెండర్ కంపెనీ పాతకాలం వంపు 7.25 అంగుళాల వ్యాసార్ధం, అంటే బాగా గుండ్రం. ఇప్పటివి ఎక్కువగా 9.5. అంచున ఉన్న మొదటి తీగని మధ్యకి లాగితే అది గుట్ట ఎక్కుతున్నట్టే. మధ్యలో ఫ్రెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగ పోయి ముందు ఫ్రెట్‌కి తగిలి మూగబోతుంది. మీరు చెక్కంతా తొలిచేసినా ఫ్రెట్ల పై అంచు ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి అది ఇంచు కూడా బాగుపడదు. డబ్బులు పోతాయి, బాధ మిగులుతుంది.

ముందు వంపు కొలవండి. పెన్సిల్‌కి దారం కట్టి అట్టముక్క మీద 184 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక ముక్క గీత, 241తో ఇంకొకటి గియ్యండి. కత్తిరించి, తీగలు వదులు చేసి ఫ్రెట్‌బోర్డు మీద అడ్డంగా ఆనించి వెలుతురుకి పట్టి చూడండి. ఏది సందు లేకుండా కూర్చుంటే మీది అది. మొదటిది కూర్చుంటే 7.25. అప్పుడు తీగల ఎత్తు కొంచెం పెంచడం తప్ప దారి లేదు. 1.6 మిల్లీమీటర్లుంటే 2 దాకా పోయి చూడండి.

ఇంకోటి, ఎవరూ అడగలేదు గానీ, మీ బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) తేలుతోందా? స్ట్రాట్ ట్రెమలో బ్రిడ్జి గాల్లో తేలుతుంటే ఒక తీగ లాగినప్పుడల్లా బ్రిడ్జి ముందుకి లేస్తుంది, మీ లాగుడులో కొంత అదే మింగేస్తుంది. మిగతా తీగల శ్రుతి కూడా కిందకి దిగుతుంది. వెనక మూత తీసి స్ప్రింగులు ఐదూ వేసి, స్ప్రింగుల్ని పట్టి ఉంచే క్లా స్క్రూలు బిగించి, బ్రిడ్జి బాడీకి ఆనేలా చేసుకోండి. మళ్ళీ శ్రుతి చేసి లాగి చూస్తే తేడా అప్పుడే తెలుస్తుంది. శ్రుతి అర స్వరం దించినా తీగ ఇంకా మెత్తబడుతుంది.

ఇక వేలు చెక్కకి రాసుకోవడం. దానికి తొలిచే పనే అక్కర్లేదు. పాత పద్ధతి ఫ్రెట్లు ఎత్తు సుమారు 1.1 మిల్లీమీటరు, జంబో ఫ్రెట్లు 1.4. ఈ 0.3 మిల్లీమీటరే వేలి కింద చాలా తేడా చూపిస్తుంది. ఫ్రెట్లు మార్పించడం వెనక్కి తీసుకోగల పని. చెక్క తొలిస్తే మళ్ళీ అతకదు. అయినా చేయిస్తానంటే రాక్ గిటారిస్టు స్టీవ్ వాయ్ వాయించే ఐబానెజ్ జెమ్ గిటార్‌లో 21 నుంచి 24 ఫ్రెట్ల దాకానే తొలిచి ఉంటుంది, కింద కార్డులు పట్టే చోట ముట్టుకోలేదు. ఇంకో రాక్ గిటారిస్టు మాల్‌మ్‌స్టీన్‌లా బోర్డు మొత్తం తొలిపించక్కర్లేదు.

తీగలాట (రాజమండ్రి):
బ్రిడ్జి మాట నాకు తట్టలేదు, బాగా చెప్పారు. వీణ పోలిక మాత్రం వదలను. జంబో ఫ్రెట్ల మీద కూడా చెక్క తగులుతూనే ఉంటుంది, మైనం మెట్ల మీద తగలదు. ఆ తేడా లాగేవాడికే తెలుస్తుంది.

భీమవరం స్ట్రాట్:
అట్టముక్కలు రెండూ పెట్టి చూశాను. 184దే సందు లేకుండా కూర్చుంది. బ్రిడ్జి కూడా తేలుతోంది, వెనక మూడే స్ప్రింగులున్నాయి. అవి మార్చేశాను. తోడి ఇంకా తోడిలా లేదు గానీ తీగ మునుపటికంటే మాట వింటోంది. మేస్త్రి గారికి ప్రస్తుతానికి ఆగమని చెప్పాను.

ఒక్కటే అడుగుతాను. స్ట్రాట్ నెక్ నాలుగు స్క్రూలే కదా, విడిగా చవక నెక్ ఒకటి కొని దాన్ని మాత్రం 15వ ఫ్రెట్ నుంచి తొలిపిస్తే? కార్డులకి పాతది, గమకాలకి కొత్తది.

విజయవాడ సెటప్:
అది సరైన దారి. నెక్ కొనేముందు మడమ (నెక్ బాడీలో కూర్చునే చివర) వెడల్పు కొలుచుకోండి, బాడీలో గాడికి సరిపోవాలి. వంపు 12 అంగుళాలున్నది చూడండి, పై ఫ్రెట్లలో మీ మొదటి తీగ బతుకుతుంది.

చర్చి లీడ్ (నరసాపురం):
పాత నెక్ అమ్మేస్తే నాకు చెప్పు అన్నా.