ప్యాచ్ వేస్తే కొత్త లైను వేరే చోట పడింది, విన్‌మెర్జ్‌తో సరిచేయడం ఎలా?

పలాస_బిల్లింగ్ (ప్రశ్న)

జీడిపిక్కల కొనుగోలు బిల్లు ఫారం ఒకే టెక్స్టు ఫైల్లో రెండు ప్రతులుగా ఉంది. పైన రైతు ప్రతి, కింద అవే లైన్లతో మిల్లు ప్రతి. తరుగు లైను చేర్చమని ప్రోగ్రాం ఇచ్చినవాళ్లు ప్యాచ్ ఫైలు (ఏ లైను ఎక్కడ చేర్చాలో, తీయాలో రాసి ఉండేది) పంపారు. అందులో ప్రతికొక హంక్ (ఒక చోటి మార్పు ముక్క) చొప్పున రెండున్నాయి. మొదటిది ఇది:

```
--- ఏ/ఫారాలు/బిల్లు
+++ బి/ఫారాలు/బిల్లు
@@ -18,6 +18,7 @@
 సరుకు : జీడిపిక్కలు
 బస్తాలు :
 బస్తా తూకం : 80 కిలోలు
+తరుగు :
 నికర తూకం :
 ధర :
 మొత్తం :
```

మా ఫైల్లో రైతు ప్రతిలో మాత్రం "ధర :" అన్నదాన్ని ముందే "ధర (బస్తాకి) :" అని మార్చి ఉన్నాం. ఫైళ్ల తేడాలు చూపే విన్‌మెర్జ్‌లో ప్యాచ్ ఎక్కించే మెనూ కనపడలేదు. గిట్ బ్యాష్‌లో (కమాండ్లు కొట్టే విండో) ప్యాచ్ కమాండు వేస్తే "హంక్ #1 సక్సీడెడ్ ఎట్ 47 (ఆఫ్‌సెట్ 29 లైన్స్)" అనీ, రెండోదానికి "ఫెయిల్డ్" అనీ వచ్చింది. చూస్తే తరుగు లైను మిల్లు ప్రతిలో ఉంది, రైతు ప్రతిలో లేదు. ఎందుకిలా అయింది? మా మార్పు పోకుండా రెండు చోట్లా రావాలంటే ఏం చేయాలి?

బొబ్బిలి_వీణ

మెనూ కనపడకపోవడం మీ పొరపాటు కాదండి. విన్‌మెర్జ్ ప్యాచ్ తయారుచేస్తుంది గానీ ఎక్కించదు. టూల్స్‌లో ఉన్న జనరేట్ ప్యాచ్ తయారీకే. ఎక్కించడానికి గ్నూ ప్యాచ్ కమాండే కావాలి, అది గిట్ ఫర్ విండోస్‌తో పాటే వస్తుంది. టార్టాయిస్‌గిట్ ఉంటే దాని టార్టాయిస్‌మెర్జ్ కూడా ప్యాచ్ తీసుకుంటుంది.

ఇక లైను అక్కడెందుకు పడిందంటే, ప్యాచ్ కమాండు 18వ లైను దగ్గర చూసింది. చుట్టూ ఉన్న లైన్లలో "ధర :" కలవలేదు. వెంటనే సర్దుకుపోదు అది. ముందు కిందికీ పైకీ జరుగుతూ అచ్చంగా కలిసే చోటు ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంది. ఎక్కడా దొరక్కపోతేనే హంక్ అంచుల్లోని లైన్లు వదిలేసి చూస్తుంది, దీన్నే ఫజ్ అంటారు, మామూలుగా 2 లైన్ల దాకా వదులుతుంది. మీకు 29 లైన్ల కింద మిల్లు ప్రతిలో అచ్చుగుద్దినట్టు అవే ఆరు లైన్లు దొరికాయి. అక్కడ పెట్టేసింది. ఆ చోటు మొదటి హంక్‌కి ఖర్చయిపోయాక రెండోది ఎక్కడ కూర్చోవాలి? అందుకే ఫెయిల్డ్.

నిజానికి ఫెయిల్డ్ అన్న హంక్ కన్నా, పెద్ద ఆఫ్‌సెట్‌తో (చెప్పిన చోటు నుంచి జరిగిన దూరం) సక్సీడెడ్ అన్న హంకే ప్రమాదం. ఒకేలాంటి లైన్లు రెండు చోట్ల ఉన్న ఫైల్లో ఆఫ్‌సెట్ రెండంకెల్లో కనపడితే ఆ లైను దగ్గరికెళ్లి కళ్లతో చూడాల్సిందే. ఫజ్ సున్నా పెట్టినా ఇది ఆగదు, ఎందుకంటే ఇక్కడ జరిగింది ఫజ్ కాదు. ప్యాచ్ ఎక్కించే ఇంకో కమాండు గిట్ అప్లై అయినా ఇలాగే పక్కకి వెతుకుతుంది. కాకపోతే ఒక్క హంక్ తప్పినా అసలు ఏమీ రాయకుండా ఆగిపోతుంది, కాబట్టి ఫైలు పాడవదు.

పాత ఫైలు పోలేదు లెండి. హంక్‌లు అచ్చంగా కలవనప్పుడు ప్యాచ్ కమాండు .ఆరిగ్ పేరుతో పాతదాని కాపీ పక్కనే పెడుతుంది. పడని హంక్ .రెజ్ ఫైల్లో ఉంటుంది. ఆరిగ్‌ని వెనక్కి తెచ్చుకుని మొదలుపెట్టండి.

నాగావళి_గట్టు

బొబ్బిలి గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి నా సలహా ఒక్కటే: ప్యాచ్‌ని మీరు మార్చుకున్న ఫైలుకి వేయకండి, అది ఏ ఫైలు మీద తయారైందో దానికే వేయండి. కలిపే పని మెర్జ్ టూల్‌కి వదలండి.

మూడు ఫోల్డర్లు పెట్టుకోండి. "అసలు"లో ప్రోగ్రాంతో వచ్చిన, చేయి పెట్టని ఫైలు. "కొత్త"లో దాని కాపీ. "మాది"లో మీ ఆరిగ్ నుంచి తెచ్చిన ఫైలు. గిట్ బ్యాష్‌లో "కొత్త" లోపలికి వెళ్లి ముందు ఉత్తుత్తిగా నడపండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి):

```
ప్యాచ్ --డ్రై-రన్ -పి1 -ఐ ../తరుగు.ప్యాచ్
```

పి1 అంటే ప్యాచ్‌లోని దారిలో మొదటి మెట్టు, అంటే "ఏ/", కోసెయ్యమని. "కాంట్ ఫైండ్ ఫైల్ టు ప్యాచ్" అంటే ఆ అంకె తప్పు, లేదా మీరున్న ఫోల్డరు తప్పు. "రివర్స్డ్ ఆర్ ప్రీవియస్లీ అప్లైడ్" అని అడిగితే వద్దనండి, ఆ ఫైలుకి ప్యాచ్ ఇప్పటికే వేసి ఉండొచ్చు. ఆఫ్‌సెట్, ఫజ్ మాటే లేకుండా వచ్చాక డ్రై-రన్ తీసేసి నిజంగా నడపండి.

తర్వాత కేడిఫ్3 (మూడు ఫైళ్లు పోల్చి కలిపే మెర్జ్ టూల్) తెరిచి మొదటి గడిలో "అసలు", రెండోదాంట్లో "మాది", మూడోదాంట్లో "కొత్త" ఫైలు ఇచ్చి మెర్జ్ టిక్కు పెట్టండి. మొదటి గడిలో ఉన్నదాన్నే అది మూలంగా తీసుకుంటుంది. ఆ వరస తప్పితే మొత్తం తారుమారు. తరుగు లైనుకీ మీ ధర లైనుకీ మధ్య "నికర తూకం" మారకుండా ఉంది కాబట్టి రెండూ వాటంతటవే కలిసిపోతాయి. పక్కపక్క లైన్లే అయ్యుంటే కాన్‌ఫ్లిక్ట్ చూపించి మిమ్మల్ని అడిగేది.

ప్యాచ్ పంపినవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి. ఇలాంటి ఫారాలకి మామూలుగా వచ్చే 3 లైన్ల సందర్భం (మార్పుకి పైనా కిందా ఉండే మారని లైన్లు) చాలదు. ప్యాచ్ తయారుచేసే డిఫ్ కమాండులో పెద్ద యు పక్కన 10 పెడితే ఆ ప్రతి తాలూకు శీర్షిక కూడా హంక్‌లోకి వచ్చే అవకాశం ఎక్కువ, అప్పుడు రైతు ప్రతికీ మిల్లు ప్రతికీ తేడా తెలుస్తుంది. విన్‌మెర్జ్‌తో చేసేవాళ్లయితే స్టైల్ దగ్గర యూనిఫైడ్ ఎంచుకుని కాంటెక్స్ట్ పెంచాలి. నార్మల్ స్టైల్‌లో సందర్భం లైన్లే ఉండవు.

పలాస_బిల్లింగ్

ధన్యవాదాలండి. ఇన్‌స్టాల్ జిప్‌లోంచి అసలు ఫైలు తీశాను. డ్రై-రన్‌లో ఈసారి రెండు హంక్‌లూ ఫెయిల్డ్, పక్కన బ్రాకెట్లో "డిఫరెంట్ లైన్ ఎండింగ్స్" అని ఉంది.

బొబ్బిలి_వీణ

జిప్‌లోని ఫైల్లో లైను చివర సీఆర్ (క్యారేజ్ రిటర్న్), ఎల్‌ఎఫ్ (లైన్ ఫీడ్) అనే కనపడని గుర్తులు రెండూ ఉన్నాయి, ప్యాచ్‌లో ఎల్‌ఎఫ్ ఒక్కటే. "అసలు", "కొత్త" రెండింటి మీదా డాస్2యునిక్స్ (లైను చివర ఎల్‌ఎఫ్ ఒక్కటే మిగిల్చే కమాండు) నడపండి, అదీ గిట్ బ్యాష్‌లోనే ఉంది. మళ్లీ డ్రై-రన్ వేస్తే పడుతుంది. విన్‌మెర్జ్ ఆప్షన్లలో క్యారేజ్ రిటర్న్ తేడాలు వదిలేయమన్న టిక్కు ఉంటే ఈ తేడాని దాచేస్తుంది, తీసెయ్యండి.

తెలుగు ఫైళ్లలో ఇంకో తిరకాసు ఉంది. పొల్లు తర్వాత కనపడకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే యు+200సి. పదం మధ్యలో ఉంటే వత్తు విడిపోయి తెలుస్తుంది. చివర ఉంటే కంటికి తెలియదు, కానీ ప్యాచ్‌కి అది వేరే లైనే. అలాగే "ై" గుర్తు ఒకే కోడుగా ఉండొచ్చు, ఎత్వం, ఐత్వపు కొన అని రెండు కోడ్లుగా కూడా ఉండొచ్చు. లైను చివరలన్నీ సరిచేశాక కూడా ఒక్క హంకే మొండికేస్తే అనుమానం వీటి మీదే పెట్టుకోండి. పాత విండోస్ పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తు (>)తో ప్యాచ్‌ని ఫైల్లోకి దాచితే యూటీఎఫ్-16 అనే వేరే అక్షర కోడింగులో పడుతుంది, దాన్ని గిట్ అప్లై అసలు ప్యాచ్‌గానే గుర్తించదు.

అంతా అయ్యాక పాత "మాది" ఫైలునీ, కలిపిన ఫైలునీ విన్‌మెర్జ్‌లో పక్కపక్కన పెట్టండి. తేడాలు సరిగ్గా రెండే రావాలి: రైతు ప్రతిలో ఒక తరుగు లైను, మిల్లు ప్రతిలో ఒకటి. మూడోది కనపడిందంటే ఆ ఫైలుతో బిల్లు కొట్టకండి.