టెక్కిన్‌లో ఆ ‘క్క’ ఎక్కడిది?

జలతరంగం: ఎప్పుడో చదివిన ఒక వాక్యం తోక వారంగా నన్ను పీడిస్తోంది. “...జపానువాళ్ల టెక్కిన్, అంటే ఇనుప వీణ.” వైబ్రాఫోన్ (కర్రలతో కొట్టి వాయించే లోహపు పలకల వాద్యం) వాద్యకారుడు మసయోషి ఫుజిత గురించి. టెకినా, టెక్కినా?

పాతబడి: టెక్కినే. టెత్సు అంటే ఇనుము, కిన్ అంటే కొతో, జపాను తీగల వాద్యం. త్సు పోయి క ద్విత్వమైంది, మన నట్టిల్లులాగ.

ప్రాకృతప్రియ: కాదు మాస్టారూ. నడు + ఇల్లులో పరమైంది అచ్చు. ఇక్కడ హల్లు. ఆ మాట చైనా నుంచి వచ్చేనాటికి చివర త్ పలికేది. త్ పక్కన క చేరితే క్క. సత్కారం పాళీలో సక్కారమైనట్టు.

పాతబడి: సక్కారం బాగుంది, ఒప్పుకుంటున్నాను. ‘ఇనుప వీణ’ మాత్రం ఒప్పుకోను. వైబ్రాఫోన్ పలకలు అల్యూమినియం. తీగా లేదు, మీటడమూ లేదు. లోహతరంగిణి అనండి.

కంపితం: ఫుజిత పలకల అంచును కమానుతో గీస్తాడండీ, పలకల మీద పూసలు, రేకు కాగితం వేసి వాయిస్తాడు. వీణ కాదని అంత తేలిగ్గా తోసెయ్యలేం. నా బాధ వేరే: ‘వైబ్రా’ని గమకం అని అనువదిస్తున్నారు. పలకల కింది గొట్టాల మూతుల దగ్గర మోటారుతో బిళ్లలు తిరుగుతాయి. మూసుకుంటే నాదం తగ్గుతుంది, తెరుచుకుంటే పెరుగుతుంది. స్వరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది గమకమెలా అవుతుంది?

జలతరంగం: 1930లో జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగ్‌లో లయొనెల్ హాంప్టన్ వాయించినప్పటి నుంచీ వైబ్రాఫోన్ జాజ్ వాద్యం. డ్రమ్స్ నుంచి దాని దగ్గరికొచ్చిన ఫుజిత బెర్లిన్‌లో ఏళ్ల తరబడి ఉండి దాన్ని నెమ్మదింపజేశాడు. మొదట ఎల్ ఫాగ్ అనే పేరుతో, 2012 నుంచి సొంత పేరుతో ఆల్బమ్‌లు. 2020లో జపాను తిరిగెళ్లి, హ్యోగో కొండల్లో పాత కిండర్‌గార్టెన్ ఒకటి స్టూడియో చేసుకున్నాడు. ఒక్క దెబ్బ కొట్టి, అది ఆరిపోయేదాకా ఆగుతాడు.

ప్రాకృతప్రియ: ఆ ఆగడం జపాను హైకూ కవి బషోదే! 1689, యమదెరా కొండ మీద ఆయన హైకూ: ‘ఎంత నిశ్శబ్దం, రాళ్లలోకి ఇంకిపోయే సెమి గొంతు.’ సెమి అంటే చెట్ల మీద మోత పెట్టే పురుగు, ఇంగ్లిష్ సికాడా. ఆ సెమి ఏ జాతిదని కవి సైతో మొకిచి, సాహిత్య పండితుడు కొమియ తొయొతక పెద్ద వాదమే పెట్టుకున్నారు. చివరికి మొకిచి ఒప్పుకున్నాడు, నీనీజెమి అని.

పాతబడి: సెమిని తెలుగులో కీచురాయి అందాం. రాతిలోకి కీచురాయి! ఆ ‘రాయి’ మన భాష ఇచ్చిన కానుక.

కంపితం: కీచురాయి రాత్రి అరిచేది కదండీ. బషో విన్నది పగటి మోత. పైగా ఆ ‘రాయి’ అసలు రాయేనా?

ప్రాకృతప్రియ: నాకూ అదే అనుమానం. మా ఊళ్లో ‘కీచురాళ్లు’ అంటారు, బహువచనంలో ళ్ళు వస్తోందంటే రాయే అయ్యుండాలి. మీ వైపు ఏమంటారు?